పిన్ని లోపల నిలవున్న వేడి

పోయిన నెల నా రక్తపరీక్ష కాగితం ఫోనులోకి వచ్చింది. కాగితం అనడం అలవాటు కొద్దీ, అదొక పీడీఎఫ్. అందులో టీఎస్‌హెచ్ అన్నచోట అంకె ఎర్రగా, లావుగా, పరీక్ష తప్పిన పిల్లవాడి మార్కులా కనిపించింది. ఇంటర్మీడియట్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి డాక్టరు నాకు విడమరచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. నా మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి కూడా నా వెనకే రిటైరైంది, అంతే. నేను దీన్ని చెడ్డ వార్త అనుకున్నాను గానీ, సాయంత్రం వాకింగులో చెబితే మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు ఎంతో సంతోషంగా నన్ను తమలో కలుపుకున్నారు. వెనకటికి మా వైపు నలుగురు కలిస్తే ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయని అడిగేవారు. ఇప్పుడు టీఎస్‌హెచ్ ఎంత అని అడుగుతున్నారు. నాది అంత గొప్ప అంకేమీ కాదని తేలాక ఒకావిడ నావైపు జాలిగా కూడా చూసింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "రిటైరయ్యాక నీకు బద్ధకం ఎక్కువైందని నేను అనుకుంటూనే ఉన్నాను," అన్నారు. ఇన్నేళ్ళ జంతుశాస్త్రం పాఠాలు తరగతి గదిలోని పిల్లలకి ఎక్కాయో లేదో తెలియదు గానీ, సొంత ఇంట్లో మాత్రం ఎక్కలేదని తేలిపోయింది. ఏసీ చలి భరించలేక నేను దుప్పటి కప్పుకుంటే, ఆయన ఇంకో డిగ్రీ తగ్గించి, అలవాటైపోతుందిలే అంటారు. ఆ 'బద్ధకం' అన్న మాట వినగానే నాకు మా వెంకటరత్నం పిన్ని గుర్తొచ్చింది. ఆ మాట మా ఇంట్లో ఒకప్పుడు ఆవిడ ఇంటిపేరులా ఉండేది. అదేం చిత్రమో, ఆ వారంలోనే రాజమండ్రి నుంచి పిన్ని కూతురు లలిత ఫోను చేసింది. "అక్కా, ఇంటికి రంగులు వేయిస్తున్నాం. అమ్మ ఆ ట్రంకుపెట్టె తియ్యనివ్వదు, పారెయ్యనివ్వదు. మీ అక్కని రమ్మను, అప్పుడు చూద్దాం అంటోంది. ఒక్కసారి వచ్చి వెళ్ళవా?" అంది. ఆ పెట్టె ఏదో నాకు తెలుసు. అది సర్దుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

మా ఊరు మండపేటకి దగ్గర. తాతయ్య, నాయనమ్మ, మా అమ్మానాన్నలు, బాబాయి, పిన్ని, పిల్లలం, అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పొద్దున్న లేచేసరికి మిల్లుల్లో ధాన్యం ఉడుకుతున్న వాసన ఊరంతా కమ్ముకునేది. ఇంట్లో ఊకపొయ్యి పొగ, పెరట్లో దాలిలో పిడకల సెగ మీద పొద్దస్తమానం కాగి ఎర్రబడే పాల వాసన, వీటన్నిటి మీదా ఆముదం వాసన. ఆముదం మా నాయనమ్మది. ఆవిడ మా ఇంటి వైద్యురాలు. ఎవరూ ఆవిడని ఆ ఉద్యోగంలో నియమించలేదు, తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు. పిల్లలం పళ్ళు తోముకుని వరసగా నిలబడితే నాలుకలు చాపించి, కనురెప్పలు కిందికి లాగి చూసేది. ప్రపంచంలో ఎన్ని జబ్బులున్నా ఆవిడ లెక్కలో కారణం ఒక్కటే, వేడి. ముక్కులోంచి రక్తం కారితే వేడి. నోరు పూస్తే వేడి. మొటిమ వస్తే వేడి. మా అన్నయ్య లెక్కల్లో తప్పితే అదీ వేడే. రాత్రుళ్ళు దీపం దగ్గర చదివితే నెత్తికెక్కిందట. తాతయ్య పాలేరు మీద కేకలేస్తుంటే వెంటనే గ్లాసుడు మజ్జిగ పంపేది, తాతయ్య కేకల మధ్యలో అది తాగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

అందుకు తగ్గట్టే వంటిల్లు నడిచేది. మామిడిపండు, పనసతొన, బెల్లం, నువ్వులు, కోడిగుడ్డు ఇవన్నీ ఒక వర్గం. సబ్జా గింజలు, బార్లీ, పెసరకట్టు, సొరకాయ, ముంజలు ఇంకో వర్గం. ఒక వర్గంలోది ఒకటి తింటే దాన్ని సరిచేయడానికి రెండో వర్గంలోంచి ఒకటి మింగాలి. మామిడిపండు తిన్న ఆనందం పూర్తికాకముందే మజ్జిగ గ్లాసు ఎదురయ్యేది. చాలా ఏళ్ళ తర్వాత నేను కాలేజీలో నల్లబల్ల ముందు చాక్‌పీసు పట్టుకుని, బయట ఎంత ఎండ కాసినా, ఎంత చలి వేసినా శరీరం తన లోపలి స్థితిని ఒక్క తీరుగా నిలుపుకుంటుందని పాఠం చెబుతుంటే, ఇది మా నాయనమ్మ ఎప్పుడో చెప్పిందే కదా అనిపించేది. నిజమే, సూత్రం ఆవిడకి తెలుసు. యంత్రం మాత్రం తన చేతిలో ఉందనుకుంది.

పిన్నికి లలిత పుట్టాక గొడవ మొదలైంది. బాలింతకి మా వైపు ఏం చేస్తారో తెలిసిందే. చెవులకి గుడ్డ కట్టి, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం పెట్టి, చన్నీళ్ళు తాకనివ్వకుండా చూస్తారు. ఆ రోజులైపోయాక అందరు బాలింతలూ చెవిగుడ్డ తీసి పారేసి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మా పిన్ని తియ్యలేదు. చలేస్తోందంది. ఉగాది వెళ్ళింది, ఎండలు ముదిరాయి, కాకులు కూడా నీడ చూసుకుని కూచుంటున్నాయి. పిన్ని మాత్రం వాళ్ళ నాన్న కాశీ నుంచి తెచ్చిన బూడిదరంగు ఉన్ని శాలువా కప్పుకుని వంటింట్లో తిరుగుతోంది. ఎండాకాలంలో గోదావరి జిల్లాలో కోడలు శాలువా కప్పుకుని తిరిగితే ఊరు ఊరుకుంటుందా? చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ మొహం ఉబ్బిన పిన్నిని చూసి, "అమ్మాయి ఒళ్ళు చేసిందండీ, అత్తారింట్లో సుఖపడుతోంది," అని మెచ్చుకుని వెళ్ళేవారు. సుఖపడుతున్న అమ్మాయి రుబ్బురోలు దగ్గరే కూచుని నిద్రపోయేది. పప్పులో ఉప్పు మరిచిపోయేది. మర్నాడు గుర్తుపెట్టుకుని రెండుసార్లు వేసేది. గొంతు మగవాళ్ళ గొంతులా బొంగురుపోయింది. తల దువ్వితే దువ్వెనలో సగం జుట్టు ఉండేది.

చలేస్తోందన్న మనిషికి చలవ చెయ్యడం ఎవరైనా చేస్తారా అని మీకు అనుమానం రావచ్చు. మా నాయనమ్మ అనుమానానికి చోటివ్వలేదు. బాలింతరికంలో పెట్టిన వెల్లుల్లి, కారం, మిరియాలు అన్నీ అరిగిపోకుండా లోపల నిలవుండిపోయాయట. "పైకి చలేస్తోందంటే లోపల వేడి మండిపోతోందన్నమాటే. జొరమొచ్చినప్పుడు చూళ్ళేదా? ఒళ్ళు కాలిపోతుంటే దుప్పటి అడగరూ?" అంది. నిజం చెప్పాలంటే, ఈ వాదం వినడానికి ఇప్పటికీ బాగానే ఉంటుంది. ఆ రోజు నుంచి పిన్నికి మాడు మీద ఆముదం, పొద్దున్నే బార్లీ నీళ్ళు, మధ్యాహ్నం సొరకాయ, సాయంత్రం సబ్జా. స్నానానికి నూతి నీళ్ళు. శాలువా అయితే నాయనమ్మ స్వయంగా లాక్కుని ఎక్కడో దాచేసింది. పిన్ని దాన్ని వెతుక్కుంటూ తలుపుల వెనకా, దండెం మీదా చూసేది. చూస్తూ చూస్తూ ఏం వెతుకుతోందో మరిచిపోయి నిలబడిపోయేది. అది చూసి మేం పిల్లలం నవ్వేవాళ్ళం, పెద్దవాళ్ళూ నవ్వేవారు.

కాలేజీలో గ్రంథుల పాఠం చెప్పేటప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చేది. మెదడు కింద పీయూష గ్రంథి అని ఒకటుంది. మెడలోని థైరాయిడ్ సరిగా పని చెయ్యకపోతే అది ఊరుకోదు, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా కేకలు వేస్తుంది. ఆ కేకల కొలతే నా ఫోనులో ఎర్రగా మెరిసిన అంకె. మా ఇంట్లోనూ సరిగ్గా అదే జరిగింది. పిన్ని ఎంత నెమ్మదిస్తే నాయనమ్మ అంత గట్టిగా కేకేసేది. "ఏమ్మా వెంకటరత్నం, పాలు పొంగిపోతున్నాయి, కనపడ్డం లేదా?" కనపడుతూనే ఉండేవి. పిన్ని కనపడక ఆగేది కాదు, చెయ్యలేక ఆగేది. "వస్తున్నానండీ అత్తయ్యగారూ," అని బొంగురు గొంతుతో అనేది. ఆ మాటకీ ఆవిడ లేచి నిలబడ్డానికీ మధ్య పాలు పొంగి, కారి, మాడి, ఆరిపోయేవి.

బాబాయి మంచివాడు. ఈ మాటకి మా ఇంట్లో అర్థం తల్లి ఎదుట నోరెత్తడని. మిల్లు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని, అమ్మ చెప్పింది విని పడుకునేవాడు. ఆశ్వయుజం దాటేసరికి నాయనమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. కార్తీకం వెళ్ళగానే పిన్నిని పుట్టింటికి పంపించెయ్యాలి. మళ్ళీ తీసుకురావడం సంగతి తర్వాత. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది. "తన ఒళ్ళే మోసుకోలేనిది పిల్లనేం పెంచుతుంది?" అంది. అప్పటికి లలిత అడుగులు వేస్తోంది, పిన్ని దాని వెనకాల నడవలేకపోతోంది, కాబట్టి సాక్ష్యం కళ్ళెదుటే ఉంది. బాబాయి కిక్కురుమనలేదు. మా అమ్మ మాత్రం, "పసిదాన్ని తల్లి నుంచి విడదీస్తామా అత్తయ్యగారూ?" అని ఒక్క మాట అంది. ఆ పూట నుంచి అమ్మకి కూడా బార్లీ నీళ్ళు మొదలయ్యాయి. పిన్ని ఆ మాటలన్నీ గుమ్మం దగ్గర నిలబడి వింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం ముందు కూచుని ఏడ్చింది. ఏడుపు కూడా ఆలస్యంగా వచ్చేంత జబ్బు అది.

నాయనమ్మ ఏ పనీ ఆఖరి నిమిషందాకా ఉంచదు. ముందుగానే ట్రంకుపెట్టె దింపించి, పిన్ని చీరలు ఒక్కొక్కటీ మడత పెట్టి, మధ్యన ఎండు వేపాకు వేసి సర్దేసింది. వేపాకు ఎండబెట్టి తెచ్చి అందించే పని నాది. తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి పిన్ని చేతిలోనే పెట్టింది. ఇంత చేసి, వెళ్ళేలోపు ఆఖరి వైద్యం కూడా చెయ్యాలనుకుంది. కార్తీక స్నానాలు. తెల్లవారుజామున కాలవలో మునిగితే పుణ్యానికి పుణ్యం, చలవకి చలవ అంది. పిన్ని వెళ్ళింది. వద్దనడానికి కూడా ఓపిక ఉండాలి కదా. కొన్నాళ్ళకి ఒక పొద్దున రేవు మెట్ల మీద కూచున్నది కూచున్నట్టే ఉండిపోయింది. పిలిస్తే చూస్తోంది గానీ పలకడం లేదు. చెయ్యి పట్టుకుంటే కాలవ నీళ్ళ కంటే చల్లగా ఉందని మా అమ్మ తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో. మిల్లు కారు అడిగి తెచ్చి, వెనకసీట్లో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకెళ్ళారు. లలితని ఎత్తుకోవడానికి నన్నూ ఎక్కించారు.

ఆసుపత్రిలో ఆ రోజంతా పిన్నికి కంబళ్ళు కప్పుతూనే ఉన్నారు. నాయనమ్మ పక్కన నిలబడి, వేడి చేస్తుందండీ, వేడి చేస్తుందండీ అని చెబుతూనే ఉంది. ఎవరూ చెవిన వేసుకోలేదు. మర్నాటికి పిన్ని కాస్త తేరుకుంది. పెద్దడాక్టరు వచ్చి మెడ తడిమి, చర్మం చూసి, మాట్లాడించి, తర్వాత ఆవిడని కుర్చీ మీద మోకాళ్ళపై కూచోబెట్టి, రబ్బరు సుత్తితో మడమ పైన నరం మీద చిన్నగా కొట్టాడు. పాదం చటుక్కున కదిలింది. కానీ వెనక్కి రావడానికి మాత్రం ఎంతో తీరుబడిగా, ఇష్టం లేని పనికి బయల్దేరినట్టు మెల్లగా వచ్చింది. డాక్టరు మళ్ళీ కొట్టి చూశాడు. మళ్ళీ అంతే.

నాయనమ్మకి ఇంతకంటే రుజువేం కావాలి? "చూశారాండీ డాక్టరుగారూ? కాలికి కూడా బద్ధకమే!" అంది.

డాక్టరు సుత్తి జేబులో పెట్టుకున్నాడు. "కాలికి అత్తగారెవరో తెలీదు కదండీ. అది నటించదు," అన్నాడు. బాబాయి వైపు తిరిగి, "మీ ఆవిడకి బద్ధకం కాదండీ. మెడలో ఒక గ్రంథి ఉంటుంది. ఒంట్లో వేడి, ఆకలి, నిద్ర, గుండె, అన్నిటి వేగమూ దాని చేతిలోనే ఉంటుంది. అది పనిచెయ్యడం మానేసింది. లోపల వేడి నిలవుండడం కాదు, లోపల పొయ్యే ఆరిపోయింది. మీరేమో నీళ్ళు పోస్తున్నారు," అన్నాడు.

బాబాయి, "ఆయ్," అన్నాడు. అప్పుడు కూడా తల్లి మొహం వైపు ఒకసారి చూసి, ఆ తర్వాతే అన్నాడు.

రక్తం మద్రాసు పంపించారు, మాత్రలు మొదలుపెట్టారు. నరాల సంగతి వేరు. వేడి గిన్నె తగిలితే చెయ్యి మనకి చెప్పకుండానే వెనక్కొస్తుంది. హార్మోన్ల సంగతి మా కాలవ నీళ్ళ లాంటిది. పైన ఎక్కడో లాకుల తలుపులెత్తితే శివారు చేను తడవడానికి రోజులు పడుతుంది. పిన్ని అలాగే తడిసింది. ముందు గొంతు తిరిగొచ్చింది. ఆ తర్వాత మొహం వాపు దిగి, కింద అసలు మొహం కనిపించింది. రుబ్బురోలు దగ్గర నిద్ర మానేసింది. లలిత వెనకాల పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆఖరున కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడకి కోపమే లేదని, నెమ్మదస్తురాలని అనుకున్న మేమందరం ఆశ్చర్యపోయాం. ఒకరోజు బాబాయిని నడవలో నిలబెట్టి, "నా పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుంటామంటే నోట్లో ఏం పెట్టుకుని కూచున్నారండీ?" అని అడిగింది. నాయనమ్మ వంటింట్లోంచి విని, "మాత్రలు వేడి చేసినట్టున్నాయి," అంది.

పుట్టింటికి పంపడం అన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తప్పయిందన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు. అయితే ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి, వేసుకున్నాక కాసేపు ఏమీ తాగకూడదు. నాయనమ్మ పొద్దున్నే గ్లాసుతో నీళ్ళు, పక్కన మాత్ర పెట్టి, పిన్ని అది మింగి, ఆ కాసేపు గడిచేదాకా ఇంట్లో ఎవరికీ కాఫీ కలిపేది కాదు. తాతయ్య ఎన్ని కేకలేసినా కలిపేది కాదు. తాను బతికున్నన్నాళ్ళూ అంతే. మా కుటుంబంలో క్షమాపణ అనే గ్రంథి పుట్టుకతోనే పనిచెయ్యదు కాబట్టి, దాన్ని అలా ఇంకో దారిలో సర్దుకున్నామని ఇప్పుడు నాకనిపిస్తుంది. ట్రంకుపెట్టె మాత్రం పిన్ని మంచం కింద అలాగే ఉండిపోయింది. పిన్ని కొత్త చీరలు కొనుక్కుంది గానీ పెట్టె తెరవలేదు. నాయనమ్మ దాని చుట్టూ ఊడ్చేది గానీ తెరవమని అనలేదు. నాయనమ్మ పోయింది, తాతయ్య, బాబాయి పోయారు. పెట్టె పిన్నితో పాటు రాజమండ్రి ఫ్లాటుకి, లిఫ్టులో ఎక్కి వచ్చింది.

నేను వెళ్ళేసరికి పిన్ని సోఫాలో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎనభై దగ్గర పడుతున్నా వేళ్ళు చకచకా కదులుతున్నాయి. ఇల్లంతా రంగు వాసన. ఆ వాసన పోవడానికని తలుపులేసి, ఎందుకో ఏసీ కూడా వేసి పెట్టారు. ఈ కాలంవాళ్ళ తర్కం ముందు మా నాయనమ్మ తర్కం నయమనిపించింది. నా రిపోర్టు సంగతి చెప్పాను.

"నీకూ వచ్చిందే అమ్మడూ?" అంది పిన్ని. "చలేస్తోందా?"

"వేస్తోంది పిన్నీ."

"ఇంట్లోవాళ్ళేమంటున్నారు?"

"బద్ధకం అంటున్నారు."

పిన్ని నవ్వలేదు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. "వాళ్ళన్నది పెద్ద బాధ కాదే. అందరూ అదే మాట అంటుంటే, నేనూ బద్ధకస్తురాలినే అనుకున్నాను. దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని, నా బద్ధకం వదిలించు సామీ, నా పిల్లని నాకుంచు అని. ఆ డాక్టరు కాలు మీద కొట్టేదాకా నా ఒంటి మాట నేనే నమ్మలేదు," అంది.

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అప్పుడు శాలువా కోసం తలుపుల వెనక వెతుకుతున్న మనిషిని చూసి మేమంతా నవ్వాం. ఇప్పుడు ఫోనులోనే రిపోర్టు వస్తుంది, వీధికో ల్యాబు ఉంది, మణికట్టుకి కట్టుకున్న గడియారం గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. బద్ధకం అన్న ఆ ఒక్క మాట మాత్రం అప్పటిదే ఇప్పటికీ నడుస్తోంది.

పిన్ని మెడలో గొలుసుకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "ఎవరు సర్దారో వాళ్ళే విప్పాలని కూచున్నాను. ఆవిడ విప్పకుండానే పోయింది. నువ్వు ఆవిడ మనవరాలివి, ఆ రోజు వేపాకు అందించినదానివి. విప్పు," అంది.

లలితా నేనూ పెట్టెని హాల్లోకి లాగాం. తాళం ఓ పట్టాన రాలేదు. కొబ్బరినూనె చుక్క వేసి తిప్పితే వచ్చింది. నేత చీరలు, మడతల దగ్గర చీలిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. అన్నిటికంటే అడుగున, ఇంకో పాత చీరలో చుట్టి, లోపలి మడతల్లో చారెడేసి వేపాకు పోసి, ఆ కాశీ శాలువా ఉంది. ఇంటి నుంచి పంపించేస్తున్న కోడలి పెట్టెలో, వేడి చేస్తుందని తాను లాక్కున్న శాలువాని నాయనమ్మ, వేపాకు అందిస్తున్న నాకు కూడా తెలియకుండా పెట్టింది. అక్కడికి వెళ్ళాకైనా కప్పుకుంటుందనుకుందో, తన వైద్యం మీద తనకే నమ్మకం సడలిందో ఇక ఎవరూ చెప్పలేరు. పురుగు కూడా పెద్దగా పట్టలేదు.

పిన్ని దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. వేపాకు పొడిని చేత్తో దులిపింది. "ఆ ముసలిదానికి తెలుసే," అంది, అంతే. ఆ తర్వాత లేచి, దాన్ని విప్పి, ఏసీ కింద ముడుచుకుని కూచున్న నా భుజాల చుట్టూ కప్పి, కొసలు ముందుకు లాగింది.

"వేడి చేస్తుందేమో పిన్నీ," అన్నాను.

"చెయ్యనీ," అంది.